డయాలసిస్ పేషెంట్లకు బెజవాడ, గుంటూరు పళ్ల క్లినిక్‌లు: ఎవరికి ఎన్ని మార్కులు

బెజవాడలో డయాలసిస్ పేషెంట్‌కి పన్ను నొప్పి వస్తే క్లినిక్ దొరకదన్న బాధ లేదు. ఏలూరు రోడ్డు పొడవునా బోర్డులే. సూర్యారావుపేటలో డయాలసిస్ సెంటర్ మెట్లు దిగి నాలుగడుగులు వేస్తే డెంటల్ క్లినిక్ కనిపిస్తుంది. గుంటూరులో కొత్తపేట, అరండల్‌పేట, బ్రాడీపేట అంతా ఇదే వరస. కొరతంతా ఒక్క ఫోన్ కాల్‌కే. డయాలసిస్ చేసేవాళ్లూ పళ్లు చూసేవాళ్లూ ఒకసారి మాట్లాడుకున్న చోట పని సాఫీగా అయిపోతుంది. మాట్లాడుకోని చోట లేజర్ మెషిన్ ఉన్నా సరే, పేషెంట్ అర్ధరాత్రి నోట్లో గుడ్డ కుక్కుకుని క్యాజువాలిటీ గుమ్మంలో నిలబడతాడు. ఈ రివ్యూలో మార్కులన్నీ ఆ లెక్క మీదే వేశాం. ఏసీ హాలుకి, కాఫీ మెషిన్‌కి, గూగుల్ స్టార్లకి మార్కులు లేవు.

క్లినిక్‌ల పేర్లు కావాలనే రాయలేదు. ఒకే బోర్డు కింద పొద్దున కూర్చునే డాక్టరు వేరు, సాయంత్రం వచ్చే డాక్టరు వేరు. పేరు చూసి వెళ్తే మోసపోతారు, పద్ధతి చూసి వెళ్లండి.

రిసెప్షన్‌లో అయిదు నిమిషాలు

చాలాచోట్ల ఒక ఫారం చేతికిస్తారు. బీపీ, షుగర్, థైరాయిడ్, కిడ్నీ అని వరసగా ఉంటాయి, టిక్ పెట్టాలి. కిడ్నీ దగ్గర పెట్టిన టిక్ డాక్టరుకి ఏమీ చెప్పదు. రాయి పడినవాడూ అక్కడే టిక్ పెడతాడు, వారానికి మూడుసార్లు మెషిన్ ఎక్కేవాడూ అక్కడే, కిడ్నీ మార్పిడి అయ్యి, కొత్త కిడ్నీని ఒళ్లు తోసేయకుండా పూటపూటకీ టాక్రోలిమస్ మింగేవాడూ అక్కడే. ఈ ముగ్గురికీ చేయాల్సిన వైద్యం మూడు రకాలు. ఫారంతో సరిపెట్టిన క్లినిక్‌కి ఇక్కడే ఒక మార్కు కోత.

మంచి క్లినిక్ అయితే నోరు తెరవమనే లోపే నాలుగు సంగతులు అడుగుతుంది. "బాబాయ్ గారూ, డయాలసిస్ ఏయే రోజులు? ఏ చేతికి సూదులు పెడతారు? మందుల సంచీ తెచ్చారా? మీ కిడ్నీ డాక్టరు గారి నంబరు ఉందా?" అయిదోది కూడా అడిగితే అది మంచి క్లినిక్‌లలోనూ మేలైనదని లెక్క: "ఎముకల బలానికని ఎప్పుడైనా ఇంజెక్షన్ చేశారా?" డెనోసుమాబ్ కానీ, బిస్ఫాస్ఫొనేట్ మందు కానీ వాడిన మనిషికి పన్ను పీకితే ఆ గుంత మానకుండా దవడ ఎముక కుళ్లే ప్రమాదం ఉంది. కిడ్నీ జబ్బులో ఎముకలు గుల్లబారడం మామూలే కాబట్టి ఈ ప్రశ్న వదలకూడదు.

గుండెకి స్టెంట్ వేయించుకుని, రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడుతున్నవాళ్లు ఉంటారు. "పన్ను పీకాలి, అయిదు రోజులు ఆ మాత్రలు ఆపి రండి" అని రిసెప్షన్‌లోనే చెప్పి పంపితే అక్కణ్నుంచి లేచి వచ్చేయండి. ఆపాలా వద్దా అన్నది గుండె డాక్టరు తేల్చాల్సిన విషయం. ఒకటి రెండు పళ్లకైతే సాధారణంగా ఆపకుండానే చేస్తారు.

ఏ రోజు రమ్మంటున్నారు?

మెషిన్ మీద చేసే హీమోడయాలసిస్‌లో రక్తం గొట్టాల్లో గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తారు. మెషిన్ దిగాక ఒంట్లో ఉన్న హెపారిన్ సగం తగ్గడానికి గంట, గంటన్నర పడుతుంది. ప్రభావం బాగా తగ్గాలంటే 4 నుంచి 6 గంటలు. కొన్ని సెంటర్లలో వాడే తక్కువ అణుభారం హెపారిన్, అంటే ఎనోక్సాపారిన్ లాంటిది, కిడ్నీ పనిచేయనివాళ్లలో ఇంకా ఎక్కువసేపు నిలుస్తుంది. అందుకే పన్ను పీకడం, లోతు క్లీనింగ్, చిగుళ్ల ఆపరేషన్ లాంటి రక్తం వచ్చే పనులన్నీ డయాలసిస్ అయిన మర్నాడు పెట్టుకోవాలి. అప్పటికి హెపారిన్ పోయి ఉంటుంది, ఒంట్లో నీరూ పొటాషియమూ యూరియా తక్కువగా ఉంటాయి, మనిషీ అలసట తీరి ఉంటాడు.

లెక్క సులువే. సోమ, బుధ, శుక్రవారాలు డయాలసిస్ ఉన్నవాళ్లు మంగళవారం లేదా గురువారం. మంగళ, గురు, శనివారాల వాళ్లు బుధవారం లేదా శుక్రవారం. రెండు మూడు రోజుల విరామం చివర్న, అంటే సోమవారం బ్యాచ్ వాళ్లకి ఆదివారం సాయంత్రం లాంటి వేళ, ఏ పనీ పెట్టుకోవద్దు. ఒంట్లో నీరు, పొటాషియం గరిష్ఠంగా ఉండేది అప్పుడే. వారానికి రెండుసార్లే డయాలసిస్ జరిగేవాళ్లకి ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి.

ఇంత తెలిసీ తప్పు ఎందుకు జరుగుతోందంటే, బస్సు. ఎ.కొండూరు తండాల నుంచి, తిరువూరు నుంచి, పల్నాడులో మాచర్ల వైపు నుంచి వచ్చేవాళ్లు డయాలసిస్‌కి వచ్చిన రోజే పన్ను పని కూడా ముగించుకుని పోదామనుకుంటారు. ఇంకో రోజు రావాలంటే చార్జీలు, తోడు వచ్చే మనిషి కూలీ పోవడం, అన్నీ లెక్కే. క్లినిక్‌లు కూడా "సరే, సాయంత్రం రండి" అనేస్తాయి. సాయంత్రం 4కి మెషిన్ దిగిన మనిషికి 6కి పన్ను పీకితే రక్తం ఆగదు. పోనీ పొద్దున పీకించుకుని మధ్యాహ్నం డయాలసిస్‌కి వెళ్దామంటే ఇంకా ఘోరం, పచ్చి గాయం మీదికి హెపారిన్ వెళ్తుంది. దూరం నుంచి వచ్చేవాళ్లకి ఒక రాత్రి బెజవాడలో ఆగమని చెప్పి మర్నాడు పొద్దున మొదటి అపాయింట్‌మెంట్ ఇచ్చే క్లినిక్ ఏదో, దానికి పూర్తి మార్కులు.

ఇంకో మెలిక చాలామంది డెంటిస్టులు మర్చిపోతారు. గురువారం పన్ను పీకారు, శుక్రవారం మళ్లీ డయాలసిస్. ఆ శుక్రవారం హెపారిన్ లేకుండా, లేదా బాగా తగ్గించి చేయమని సెంటర్‌కి కబురు వెళ్లాలి. హెపారిన్ లేకుండా చేయడం కుదురుతుంది. 15 నుంచి 30 నిమిషాలకోసారి 100 నుంచి 200 మి.లీ. సెలైన్‌తో గొట్టాలు కడుగుతూ చేస్తారు. టెక్నీషియన్‌కి పని పెరుగుతుంది, అందుకని నోటి మాటగా చెబితే మరుపులో పడిపోతుంది. "ఫలానా తేదీన కింది దవడలో పన్ను తీశాం, ఈ సెషన్ హెపారిన్ వద్దు" అని రెండు ముక్కలు డెంటిస్ట్ లెటర్‌హెడ్ మీద రాసివ్వాలి. ఈ చీటీ అడక్కుండా రాసిచ్చిన చోటు మాకు అరుదుగా కనిపించింది.

కడుపులో ద్రవం మార్చుకునే సీఏపీడీ పేషెంట్లకి ఈ రోజుల గొడవ లేదు, వాళ్లకి హెపారిన్ రక్తంలోకి వెళ్లదు. కుర్చీ పూర్తిగా వెనక్కి వాల్చితే మాత్రం కడుపు బరువుకి ఆయాసం వస్తుంది. సగం వాల్చి చేయమనండి.

కుర్చీ మీద

ఫిస్టులా, అంటే డయాలసిస్ సూదుల కోసం రక్తనాళాలు కలిపి కుట్టిన చోటు, ఉన్న చేతికి బీపీ పట్టీ కట్టకూడదు, సూది గుచ్చకూడదు. అది అందరికీ తెలిసిందే. తెలియనిది ఏమిటంటే, గంటసేపు ఆ చేతిని మడిచి తల కిందో, ఒంటి కిందో పెట్టి పడుకున్నా, కుర్చీ చేతికి నొక్కుకున్నా ఫిస్టులా మూసుకుపోవచ్చు. పని మధ్యలో ఒకసారి, చివర ఒకసారి ఫిస్టులా మీద వేలు ఆనించి రక్తం పారే గరగర తగులుతోందో లేదో చూసుకోండి. క్లినిక్ వాళ్లు చూడకపోతే మీరే చూసుకోవచ్చు.

మత్తు ఇంజెక్షన్ గురించి భయం వద్దు. లిగ్నోకైన్ కరిగేది లివర్‌లో, కిడ్నీతో దానికి పని తక్కువ. అందులో కలిపే అడ్రినలిన్ విషయంలోనే లెక్క కావాలి. మనదగ్గర వాడే 1:80,000 మందులో ఒక మి.లీ.కి 12.5 మైక్రోగ్రాములు ఉంటుంది. గుండె బలహీనంగా ఉన్నవాళ్లకి మొత్తం 40 మైక్రోగ్రాములు దాటనివ్వరు, అంటే సుమారు 3.2 మి.లీ. నాలుగు మూలలా నాలుగు పళ్లు ఒకేసారి తీసేద్దాం అన్న ఆఫర్‌కి ఇక్కడే బ్రేక్ పడాలి. బీపీ 180/110 దాటి ఉంటే ఆ రోజు ఇంటికి పంపేయాలి. పంపిన క్లినిక్ మీద కోప్పడకండి, అది మంచి క్లినిక్.

హెపటైటిస్ బి, సి రిపోర్టు చూసి "చివర్లో చూస్తాం, కూర్చోండి" అంటూ మనిషిని మూలన కూర్చోబెట్టే చోట్లు ఇంకా ఉన్నాయి. అది పద్ధతి కాదు. పనిముట్లు ప్రతి మనిషికీ ఒకేలా శుభ్రం చేయాలి. ఆటోక్లేవ్‌లో పెట్టి తీసిన కవరు మీద రంగు మారే గుర్తు ఉంటుంది. మీ ముందే ఆ కవరు చించమనండి.

రక్తం ఆపడం: అసలు పరీక్ష ఇదే

ప్లేట్‌లెట్లు 2 లక్షలున్నాయి, రక్తం గడ్డకట్టే తీరు చూపే ఐఎన్‌ఆర్ 1.0, ఇంకేం భయం అని ధైర్యంగా పీకేసేవాళ్లు ఉన్నారు. యూరియా పెరిగిన రక్తంలో ప్లేట్‌లెట్లు లెక్కకి ఉంటాయి కానీ అతుక్కోవు. రిపోర్టులో ఈ లోపం కనిపించదు. దానికి తోడు రక్తహీనత. హిమోగ్లోబిన్ 7, 8 దగ్గర ఉంటే ప్లేట్‌లెట్లు రక్తనాళం గోడ దగ్గరికి సరిగ్గా చేరవు. ఎరిత్రోపొయిటిన్ ఇంజెక్షన్లతో హిమోగ్లోబిన్ 10 దగ్గరికి తెచ్చి అప్పుడు పీకితే సగం తలనొప్పి తగ్గుతుంది. అర్జెంటుగా తీయాల్సి వస్తే ఆసుపత్రిలో డెస్మోప్రెసిన్ ఇచ్చి చేయొచ్చు, మోతాదు కిలోకి 0.3 మైక్రోగ్రాములు. ఇది క్లినిక్‌లో చేసే పని కాదు.

చేయి తిరిగిన సర్జన్ ఎలా చేస్తాడంటే: పన్ను తీయగానే గుంతలోని కండ పెచ్చులు, చీము తిత్తి గోకి శుభ్రం చేస్తాడు. అవి మిగిలితే అక్కణ్నుంచే రక్తం ఊరుతుంటుంది. గుంత గోడలు రెండు వేళ్లతో నొక్కుతాడు. జెలటిన్ స్పాంజి ముక్క దూరుస్తాడు. పైన 3-0 దారంతో ఎనిమిది అంకె ఆకారంలో కుట్టు వేస్తాడు. ఒక్క పన్నే కదా, కుట్టు ఎందుకు అనడు. నాలుగు మడతల గాజుగుడ్డ పెట్టి 30 నుంచి 45 నిమిషాలు గట్టిగా కొరకమంటాడు. ఆ 45 నిమిషాలూ పేషెంట్‌ని కుర్చీలోనో హాల్లోనో కూర్చోబెట్టి, తీసి చూసి, అప్పుడే పంపుతాడు. "దూది పెట్టాం, గంట తర్వాత తీసేయండి" అని చేతిలో నాలుగు దూది ఉండలు పెట్టి ఆటో ఎక్కించే క్లినిక్‌కి ఈ విభాగంలో సున్నా.

ఇంటికెళ్లాక ట్రానెగ్జామిక్ యాసిడ్ పుక్కిలింత. రెడీమేడ్ సీసా వెతుక్కోనక్కర్లేదు. 500 మి.గ్రా. మాత్ర మెత్తగా నూరి 10 మి.లీ. నీళ్లలో కలిపితే 5 శాతం ద్రావణం అవుతుంది. నోట్లో పోసుకుని రెండు నిమిషాలు ఆ పక్కకి ఉంచి, మెల్లగా కారనిచ్చి ఉమ్మేయాలి. గట్టిగా పుక్కిలిస్తే గడ్డ ఊడుతుంది. రోజుకు నాలుగుసార్లు, రెండు నుంచి అయిదు రోజులు. మింగకూడదు. ఆ మందు బయటికి పోయేది మూత్రంలోనే, కిడ్నీ లేనివాళ్లలో పేరుకుంటే ఫిట్స్ రావచ్చు. మెడికల్ షాపులో "రక్తం ఆగడానికి" అని అదే మాత్ర రోజుకు మూడు మింగమని ఇచ్చేస్తారు, జాగ్రత్త.

రాత్రి గుంతలోంచి మెత్తగా, నల్లెరుపుగా, లివర్ ముక్కలా ఒక గడ్డ పైకి పెరిగి నోట్లోకి వేలాడితే, దాన్ని చూసి రక్తం ఆగిందనుకోవద్దు. దాని కిందనుంచి కారుతూనే ఉంటుంది. శుభ్రమైన గాజుగుడ్డతో ఆ గడ్డని తుడిచి తీసేసి, కొత్త గుడ్డ మడిచి గుంత మీదే పడేట్టు పెట్టి, గడియారం చూసుకుని 30 నిమిషాలు కదలకుండా కొరకాలి. మధ్యమధ్య తీసి చూడకూడదు. రెండుసార్లు చేసినా ఆగకపోతే ఆసుపత్రి. ఈ మాటలు తెలుగులో ప్రింట్ చేసి ఇచ్చే క్లినిక్‌కి అదనంగా ఒక మార్కు.

ఇక పీకాక ఇచ్చే సలహాల కాగితం. మామూలు మనుషులకి రాసిందే వీళ్లకీ ఇస్తారు: చల్లటివి తాగండి, ఐస్‌క్రీమ్ తినండి, కొబ్బరి బొండాం మంచిది. డయాలసిస్ మనిషికి కొబ్బరినీళ్లు ప్రమాదం. ఒక గ్లాసులోనే 400 నుంచి 600 మి.గ్రా. పొటాషియం ఉంటుంది. మూత్రం రాని మనిషి రెండు బొండాలు తాగితే గుండె లయ తప్పే దాకా పోవచ్చు. బత్తాయి రసమూ అదే కోవ. ఐస్‌క్రీమ్ కరిగితే నీళ్ల లెక్కలోకే వస్తుంది, పైగా పాలలో ఫాస్ఫరస్. చల్లారిన జావ, మెత్తటి అన్నం చాలు. ఉప్పునీళ్ల పుక్కిలింత మొదటి 24 గంటలు వద్దు. తర్వాత చేసినా గుటక పడకుండా ఉమ్మేయాలి. ఆ ఉప్పు దాహం పెంచి రెండు డయాలసిస్‌ల మధ్య బరువు పెంచుతుంది.

మందుల చీటీ

ఎక్కువ క్లినిక్‌లు మార్కులు పోగొట్టుకున్నది ఇక్కడే. చీటీ ముందే తయారై ఉంటుంది: అమోక్సిక్లావ్ 625 రోజుకు మూడు, మెట్రోనిడజోల్ 400 రోజుకు మూడు, నీళ్లలో కరిగే కీటోరోలాక్ లేదా అసిక్లోఫెనాక్, పైన ఒక గ్యాస్ మాత్ర. వచ్చినవాళ్లందరికీ అదే.

కీటోరోలాక్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, అసిక్లోఫెనాక్, ఈ నొప్పి మాత్రలు నాలుగూ వద్దు. "కిడ్నీ ఎలాగూ పోయింది, ఇంకేం పోతుంది" అనే డాక్టర్లు ఉన్నారు. రోజుకు అర లీటరు మూత్రం వస్తున్న డయాలసిస్ పేషెంట్‌కి ఆ అర లీటరే ప్రాణం. నీళ్లు తాగే స్వేచ్ఛ దాన్నిబట్టే ఉంటుంది. ఈ మాత్రలు దాన్నీ మింగేస్తాయి. కడుపులో రక్తస్రావం, బీపీ పెరగడం అదనం. మార్పిడి అయినవాళ్లకైతే టాక్రోలిమస్, సైక్లోస్పోరిన్‌తో కలిసి కొత్త కిడ్నీని నేరుగా దెబ్బతీస్తాయి. నొప్పికి పారాసిటమాల్ 500 లేదా 650 మి.గ్రా., 6 నుంచి 8 గంటలకోసారి, రోజుకు 3 గ్రాములు దాటకుండా. దానికి లొంగకపోతే ట్రమడాల్ 50 మి.గ్రా. 12 గంటలకోసారి, అదీ కిడ్నీ డాక్టరుకి చెప్పి.

ఇక యాంటీబయాటిక్‌లు. అమోక్సిక్లావ్ 625 డయాలసిస్ మనిషికి రోజుకు ఒకటి లెక్క, డయాలసిస్ ఉన్న రోజు మెషిన్ దిగాక వేసుకోవాలి. ముందే వేసుకుంటే మెషిన్ కడిగేస్తుంది. రోజుకు మూడేస్తే ఒంట్లో పేరుకుని మగత, తికమక, ఒక్కోసారి ఫిట్స్. 1 గ్రాము మాత్ర వీళ్లకి అసలే కాదు. క్లిండమైసిన్‌కి మోతాదు మార్చనక్కర్లేదు. మెట్రోనిడజోల్ మోతాదు కూడా సాధారణంగా మారదు కానీ డయాలసిస్ తర్వాతే వేసుకోవాలి.

పన్ను పీకే ముందు ప్రతి డయాలసిస్ పేషెంట్‌కీ యాంటీబయాటిక్ ఇవ్వాలా? ఫిస్టులా ఉన్నంత మాత్రాన అక్కర్లేదు. కృత్రిమ గుండె కవాటం ఉన్నవాళ్లకి, ఇంతకుముందు గుండె లోపలి పొరకి ఇన్ఫెక్షన్ వచ్చినవాళ్లకి అమోక్సిసిలిన్ 2 గ్రాములు, పనికి 30 నుంచి 60 నిమిషాల ముందు, ఒక్కసారే. మెడలో క్యాథెటర్ ఉన్నవాళ్లకి, చేతిలో కృత్రిమ గొట్టం వేసినవాళ్లకి కొందరు నెఫ్రాలజిస్టులు, అంటే కిడ్నీ డాక్టర్లు, ఇవ్వమంటారు, కొందరు వద్దంటారు. ఆ ఫోన్ కాల్ ఇందుకే.

మార్పిడి అయినవాళ్లు చీటీలో ఎరిత్రోమైసిన్ కానీ క్లారిత్రోమైసిన్ కానీ చూస్తే మెడికల్ షాపుకి వెళ్లకుండా వెనక్కి తిరగండి. అవి టాక్రోలిమస్‌ని లివర్‌లో కరగనివ్వవు. రెండు మూడు రోజుల్లోనే దాని మోతాదు రక్తంలో పెరిగి చేతులు వణకడం, క్రియాటినిన్ ఎగబాకడం మొదలవుతాయి. నోటి పూతకి ఇచ్చే ఫ్లూకోనజోల్‌దీ అదే పని, చప్పరించే క్లోట్రిమజోల్ బిళ్లలదీ అదే. తప్పక వాడాల్సివస్తే టాక్రోలిమస్ స్థాయి రక్తపరీక్ష చేయిస్తూ వాడతారు. నిస్టాటిన్ చుక్కలతో ఈ గొడవ లేదు.

మార్పిడికి ముందు 'డెంటల్ క్లియరెన్స్'

అవయవదానం కోసం ప్రభుత్వం నడిపే జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేయించుకున్నవాళ్లకైనా, ఇంట్లో వాళ్ల కిడ్నీ తీసుకునేవాళ్లకైనా ఆసుపత్రి ఈ కాగితం అడుగుతుంది. దీన్ని సంతకం పని కింద చూసే క్లినిక్‌లు చాలా ఉన్నాయి. టార్చ్ వేసి చూసి "నోట్లో ఇన్ఫెక్షన్ లేదు" అని రాసిచ్చేస్తారు. ఎక్స్‌రే లేకుండా ఇచ్చిన క్లియరెన్స్‌కి విలువ లేదు. పన్ను వేరు కొనన దాక్కున్న చీము నొప్పి లేకుండా ఏళ్ల తరబడి ఉండగలదు. మార్పిడి తర్వాత రోగనిరోధక శక్తిని తొక్కిపెట్టగానే అది లేస్తుంది, అప్పుడు వాపు, జ్వరం లాంటి గుర్తులూ సరిగ్గా కనిపించవు.

సరైన క్లియరెన్స్‌లో దవడలు మొత్తం కనిపించే ఓపీజీ ఎక్స్‌రే, అనుమానం ఉన్న పళ్లకి విడిగా చిన్న ఎక్స్‌రేలు, చిగుళ్ల లోతు కొలతలు ఉండాలి. మిగలని పన్ను ఏదో, నిలబెట్టగలిగేది ఏదో తేల్చాలి. సందేహం ఉన్న పన్నుని "చూద్దాం" అని వదలకూడదు. తీయాల్సినవి తీసి, గుంతలు మానడానికి కనీసం రెండు వారాలైనా ఇచ్చాకే సంతకం. ఏడాది పైబడి వెయిటింగ్‌లో ఉంటే కాగితం పాతబడిపోతుంది, మళ్లీ చూపించుకోవాలి.

ఇదే ఎక్స్‌రేలో మంచి డెంటిస్టు ఇంకోటి చూస్తాడు. పన్ను వేరు చుట్టూ సన్నటి తెల్ల గీత ఉంటుంది. పారాథైరాయిడ్ హార్మోను పెరిగి ఎముకలోని కాల్షియం లాగేస్తుంటే ఆ గీత చెరిగిపోతుంది, ఎముక గరుకు అద్దంలా కనిపిస్తుంది, ఒక్కోసారి గోధుమరంగు గడ్డలూ పుడతాయి. చిగుళ్లు బాగానే ఉన్నా పళ్లు కదులుతుంటే అనుమానించాల్సింది దీన్నే. అలాంటి దవడలో బలం పెట్టి పీకితే ఎముకే విరగొచ్చు.

డయాలసిస్ వాళ్ల నోటివాసన గురించి ఒక మాట. లాలాజలంలోని యూరియా అమ్మోనియాగా మారడం వల్ల వచ్చేది అది. దానికి డీప్ క్లీనింగ్ ప్యాకేజీ అమ్మితే డబ్బు దండగ. డయాలసిస్ సరిపోతోందో లేదో చూపించుకోవాలి. గార మాత్రం వీళ్లకి త్వరగా, గట్టిగా పడుతుంది, కారణం అదే యూరియా. కాబట్టి మూడు నుంచి ఆరు నెలలకోసారి మామూలు క్లీనింగ్ చేయించుకోవడం దండగ కాదు.

మార్పిడి అయ్యాక మొదటి మూడు నెలలు, కొందరి లెక్కలో ఆరు నెలలు, అర్జెంటు పని తప్ప ఏదీ పెట్టుకోకూడదు. స్టెరాయిడ్ మాత్ర ప్రెడ్నిసొలోన్ 5 మి.గ్రా. వేసుకునేవాళ్లు చిన్న పనులకి ఆ రోజు మాత్ర మానకుండా వేసుకుని వస్తే సాధారణంగా చాలు. సైక్లోస్పోరిన్ వాడేవాళ్లకి ముందు పళ్ల మధ్య చిగురు ఉబ్బి పళ్లని కప్పేస్తుంది, బీపీకి అమ్లోడిపిన్ కూడా ఉంటే ఇంకా ఎక్కువ. కోసేస్తే మళ్లీ పెరుగుతుంది. ముందు శుభ్రం చేసి, మందు మార్చడం కుదురుతుందేమో నెఫ్రాలజిస్ట్‌ని అడిగి, ఆ తర్వాతే కత్తి పట్టే డాక్టరు దగ్గరికి వెళ్లండి.

మార్కులు

ఒక్క కుర్చీ వీధి క్లినిక్: 5కి 2.5. డాక్టరే ఫోన్ ఎత్తి కిడ్నీ డాక్టరుతో మాట్లాడే రకమైతే 4 ఇవ్వొచ్చు. అప్పుడు క్లీనింగ్, ఫిల్లింగ్, రూట్ కెనాల్‌కి అంతకు మించిన చోటు అక్కర్లేదు.

పెద్ద ఆసుపత్రిలోపలి డెంటల్ విభాగం: 4. నెఫ్రాలజీ అదే భవనంలో ఉంటుంది, రక్తం ఆగకపోతే పై అంతస్తుకి తీసుకెళ్తారు. పళ్లు పీకడానికి, మార్పిడి క్లియరెన్స్‌కి మా మొదటి సిఫార్సు. ఖర్చు ఎక్కువ. డయాలసిస్ ఎన్టీఆర్ వైద్య సేవలో జరుగుతోంది కదా అని పన్ను పని కూడా అందులోనే అనుకోవద్దు, ముందే అడగండి.

టీచింగ్ కాలేజీలు: 3.5. విజయవాడ ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉంది, గుంటూరు దగ్గర తక్కెళ్లపాడులో సిబార్ ఉంది, గన్నవరం వైపు చినఅవుటపల్లిలో సిద్ధార్థ ఉంది. సర్జరీ, చిగుళ్లు, ఎక్స్‌రే విభాగాలు ఒకే ఆవరణలో ఉండటం లాభం. విద్యార్థులు కేస్ షీట్ ఓపిగ్గా అడిగి రాస్తారు, మందుల సంచీ బల్ల మీద పోసి ఒక్కో స్ట్రిప్ చదువుతారు. ఏ టీచింగ్ కాలేజీలోనైనా నష్టం ఒకటే, క్యూ. ఒక పనికి మూడుసార్లు తిరగాలి, డయాలసిస్ లేని రోజులు వారానికి మూడో నాలుగో. పీజీ విభాగంలో చూస్తారా అని మొదటే అడగండి.

బహుళ శాఖల మెరుపు క్లినిక్‌లు: 2. శుభ్రతలో, ఎక్స్‌రేల్లో పేరు పెట్టేదేం లేదు. అమ్మకం ఎక్కువ. పన్ను కదులుతోందనగానే ఇంప్లాంట్ ఈఎంఐ కాగితం ముందు పెడతారు. డయాలసిస్ మీద ఉండగా, పారాథైరాయిడ్ అదుపులో లేకుండా ఇంప్లాంట్ స్క్రూ పట్టుకోవడానికి ఎముకే సరిగ్గా ఉండదు. మార్పిడి అయ్యి, కిడ్నీ కుదురుకున్నాక ఆలోచించదగ్గ పనే. అందాకా తీసిపెట్టుకునే పళ్ల సెట్టుతో నడిపించవచ్చు. ఆ కాగితం మీద సంతకం అడిగితే, పారాథైరాయిడ్ హార్మోను (పీటీహెచ్) రిపోర్టు చూసి మా కిడ్నీ డాక్టరుతో మాట్లాడాక చెప్తాం అనండి.